గోడకెక్కే చందా

తెలుగు ఇళ్లలో క్యాలెండర్ కొనుక్కునే అలవాటు తక్కువ. డిసెంబరు చివరికొచ్చేసరికి అవే ఇంటికి చేరతాయి. నెల సరుకులిచ్చే కిరాణా కొట్టు ఒకటి చుట్టి చేతిలో పెడుతుంది. పెళ్లికి చీరలు కొన్న బట్టల షాపు ఒకటి, నగల దుకాణం ఒకటి, ఎల్‌ఐసీ ఏజెంటు ఒకటి, చిట్టీల కంపెనీ ఒకటి. ‘ఇంకో రెండివ్వండి, మా తమ్ముడి వాళ్లింటికి’ అని అడిగి పుచ్చుకోవడంలో ఎవరికీ మొహమాటం ఉండదు. అన్నీ ఇంటికి తెచ్చి చూసుకుంటే మేకులు తక్కువ, లక్ష్మీదేవులు ఎక్కువ.

అలాంటి ఇంటి తలుపు తట్టి ఓ సేవాసంస్థ కార్యకర్త, ‘మా వృద్ధాశ్రమం కోసం క్యాలెండర్ వేశామండీ, నూట యాభై’ అంటే ఇంటివాళ్ల మొహంలో కనిపించేది పిసినారితనం కాదు, అయోమయం. ఇది దానమా, కొనుగోలా? దానమైతే తోచినంత ఇచ్చి రశీదు పుచ్చుకుంటే సరిపోతుంది. కొనుగోలైతే ఊరికే దొరికేదానికి నూట యాభై ఎందుకు? ఈ రెండు ప్రశ్నల మధ్య ఇరుక్కుపోయిన క్యాలెండర్లు ఫిబ్రవరి దాకా సంస్థ ఆఫీసులో బీరువా మీద కట్టలుగా పడి ఉంటాయి. ఆ తర్వాత వాటి గతి పాత పేపర్లు కొనే బండి.

డబ్బిచ్చి కొనే క్యాలెండర్లు తెలుగువారికి లేకపోలేదు. తిరుమల తిరుపతి దేవస్థానం వాళ్లవి ఏటా లక్షల్లో అచ్చవుతాయి. తిరుపతి వెళ్లేవాళ్లకు ‘లడ్డూతో పాటు క్యాలెండర్ కూడా’ అని డబ్బిచ్చి మరీ చెప్పేవాళ్లుంటారు. ఏలూరు వెంకట్రామా అండ్ కో క్యాలెండర్‌కు బొమ్మ అందంతో పనిలేదు. పెద్ద అంకెలు, కింద తిథి, నక్షత్రం, వర్జ్యం ఉంటే చాలు, కొనేవాళ్లు వెతుక్కుంటూ వస్తారు. మొదటిదాన్ని నడిపేది భక్తి, రెండోదాన్ని నడిపేది అవసరం. సేవాసంస్థ వేసిన క్యాలెండర్‌కు ఈ రెండింటి అండా ఉండదు. మరి దేన్ని నమ్ముకుని అది గోడెక్కాలి?

ఈ ప్రశ్నకు ప్రపంచంలో అందరికంటే గట్టి జవాబు చెప్పింది ఓ పల్లెటూరి మహిళా మండలి.

ఇంగ్లండ్ ఉత్తరాన యార్క్‌షైర్ డేల్స్ కొండల మధ్య రిల్‌స్టోన్ అని ఓ చిన్న ఊరుంది. అక్కడి ఆడవాళ్లు ఉమెన్స్ ఇన్‌స్టిట్యూట్ సభ్యులు. 1897లో కెనడాలో పుట్టి, 1915లో బ్రిటన్‌లో కాలుపెట్టిన సంఘమది. పండ్లతో జామ్ చేయడం, స్వెట్టర్లు అల్లడం, కేకుల పోటీలు పెట్టడం, సమావేశం మొదట్లో ‘జెరూసలేం’ గీతం పాడటం వాళ్ల కార్యక్రమాలు. మన అత్తయ్యలు, పిన్నులు కలిసి నడిపే వనభోజనాల సంఘానికీ దానికీ పెద్ద తేడా లేదు.

ఆ సంఘంలో సభ్యురాలు ఏంజెలా బేకర్. ఆమె భర్త జాన్ యార్క్‌షైర్ డేల్స్ నేషనల్ పార్కులో అధికారి. 1998 మొదట్లో ఆయనకు నాన్‌-హాడ్జ్‌కిన్స్ లింఫోమా అనే ఓ రకం రక్త క్యాన్సర్ ఉన్నట్టు తేలింది. జులైలో పోయారు. వయసు 54. జబ్బుతో ఉన్న ఆ కొద్ది నెలల్లో ఆయన పొద్దుతిరుగుడు గింజలు స్నేహితులకిచ్చి నాటించారు. ఆ రోజుల్లోనే ఏంజెలా స్నేహితురాలు ట్రిషియా స్టీవర్ట్ సరదాగా ఓ మాటంది: ఏటా వేసే వంతెనల, చర్చీల క్యాలెండర్‌కు బదులు మనమే బట్టల్లేకుండా నిలబడితే ఎలా ఉంటుంది? నవ్వులాటగా మొదలైన ఆ ఆలోచన జాన్‌కు బాగా నచ్చింది. మీరు అంత ధైర్యం చేయరులెమ్మని ఆయన ఆటపట్టించేవారట. ఆయన పోయాక స్నేహితురాళ్లు ఆ ధైర్యం చేసి చూపించారు.

45 నుంచి 65 ఏళ్ల మధ్య వయసున్న పదకొండు మంది ఫొటోలకు నిలబడ్డారు. తీసింది వాళ్లలో ఒకరి భర్త టెర్రీ లోగన్. జామ్ కాస్తూ ఒకరు, అల్లిక అల్లుతూ ఒకరు, పూలు సర్దుతూ ఒకరు. సంఘం రోజూ చేసే పనులే, మెళ్లో ముత్యాల దండలు కూడా మామూలే. ఒంటి మీద బట్టలు మాత్రం లేవు. చూపించకూడని చోటల్లా ఏ జాడీయో, పూలకుండీయో అడ్డం ఉంది. ఫొటోలన్నీ పాత కాలపు గోధుమ రంగులో ఉంటాయి. రంగు కనిపించేది పొద్దుతిరుగుడు పువ్వులోని పసుపులోనే. ఆ పువ్వు అక్కడికి ఎందుకొచ్చిందో చెప్పకపోయినా బొమ్మ బాగుంటుంది, చెబితే గుండె పట్టేస్తుంది.

2000 సంవత్సరానికి వేసిన ఆ క్యాలెండర్‌ను 1999 ఏప్రిల్ 12న విడుదల చేశారు. ఏప్రిల్‌లో! మన దగ్గర డిసెంబరు పదిహేను దాటాక ప్రెస్‌కు పరిగెత్తే కమిటీలు ఈ తేదీని గమనించాలి. తొలి ప్రతులు చూస్తుండగానే అయిపోయాయి. మళ్లీ వేశారు, మళ్లీ అయిపోయాయి. బ్రిటన్‌లో ఎనభై వేలకు పైగా, తర్వాత అమెరికాలో విడుదల చేసిన ప్రతులు రెండు లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. 2003లో హెలెన్ మిర్రెన్, జూలీ వాల్టర్స్ నటించిన ‘క్యాలెండర్ గర్ల్స్’ సినిమా వచ్చింది. ఆ పైన నాటకం, సంగీత నాటకం. ఇన్నేళ్లలో ఇవన్నీ కలిసి లుకీమియా పరిశోధన సంస్థకు (ఇప్పుడు దాని పేరు బ్లడ్ క్యాన్సర్ యూకే) యాభై లక్షల పౌండ్లకు పైగా తెచ్చిపెట్టాయి.

సినిమా కథలో చెప్పని సంగతి ఇంకోటుంది. సినిమా హక్కుల మాట వచ్చినప్పుడు ఆ పదకొండు మందీ ఒక్క మాట మీద నిలవలేదు. కొందరు సరేనన్నారు, కొందరు తమ జీవితాన్ని సినిమావాళ్లకు అప్పగించడం ఇష్టం లేదని తప్పుకున్నారు. మంచి పనికోసమే వచ్చినా సరే, డబ్బు పెద్దదయ్యేకొద్దీ సంఘాల్లో ఇలాంటి చీలికలు మామూలే. పేరున్న క్యాలెండర్‌ను తలచుకునేవాళ్లు ఈ ముక్క కూడా తలచుకోవడం మంచిది.

తర్వాత ఏమైందో ఊహించడం కష్టం కాదు. ఫుట్‌బాల్ క్లబ్బులు, రైతులు, కాలేజీ విద్యార్థులు, అగ్నిమాపక దళాలు, అందరూ చొక్కాలు విప్పారు. నిజానికి ఆస్ట్రేలియాలో అగ్నిమాపక సిబ్బంది అంతకు ముందే, 1993 నుంచీ, పిల్లల ఆసుపత్రుల కోసం ఇలాంటివి వేస్తున్నారు. కనుక చొక్కా విప్పడంలో రిల్‌స్టోన్‌ది ప్రథమ స్థానమేమీ కాదు. అనుకరించినవాళ్లు బట్టలు విప్పడాన్ని తీసుకున్నారు, పొద్దుతిరుగుడు పువ్వును వదిలేశారు. నగ్నత్వమే సరుకైతే దాన్ని అంతకంటే చవగ్గా, అంతకంటే పడుచుగా అమ్మే పత్రికలకు ఇంగ్లండ్‌లో కొదవా? జనం కొన్నది ఓ స్నేహాన్ని. స్నేహితురాలి భర్త పోతే, ఆమెను నవ్వించడానికి నడివయసు దాటుతున్న ఆడవాళ్లు ఇంత పని చేశారా అన్న ఆశ్చర్యాన్ని. క్యాన్సర్‌కు తమవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు ఆ ఊరికి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టింది అందుకే.

క్యాలెండర్ తనంతట తాను నిధి తెచ్చిపెట్టదు. అప్పటికే ఉన్న ఓ పరిచయాన్ని, ఓ నమ్మకాన్ని అది నిధిగా మారుస్తుంది. ఆ పరిచయం లేనప్పుడు ఎంత ఖరీదైన ఆర్ట్ పేపరు వాడినా అది పన్నెండు కాగితాల కట్టే.

ఈ మాట గ్రీటింగ్ కార్డుల విషయంలోనూ రుజువైంది. యునిసెఫ్ మొదటి కార్డు 1949 నాటిది. చెకొస్లొవేకియాలోని రుడోల్ఫో అనే పల్లెలో యిట్కా సామ్కోవా అనే ఏడేళ్ల పిల్ల వేసిన బొమ్మ అది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక తమ ఊరికి యునిసెఫ్ సాయం అందిందన్న సంతోషంతో, పండుగ స్తంభం చుట్టూ ఆడుతున్న పిల్లల్ని గీసింది. కాగితం దొరక్క గాజు పలక మీద వేసిందట. ఆ బొమ్మను సంస్థ కార్డుగా అచ్చేసింది. అక్కణ్నుంచి మొదలైన కార్డుల అమ్మకం దశాబ్దాల పాటు యునిసెఫ్‌ను ప్రపంచమంతా ఇంటింటికీ తీసుకెళ్లింది. ఆ మొదటి కార్డులో ఆకలితో ఏడుస్తున్న బిడ్డ లేడు. కోలుకున్న బిడ్డ కృతజ్ఞత ఉంది. కొన్నవాళ్లకు తమ డబ్బు ఏమవుతుందో ఆ బొమ్మే చెప్పేసింది.

మన దేశంలో పిల్లల హక్కుల కోసం పనిచేసే క్రై సంస్థదీ అలాంటి దారే. ఎయిరిండియాలో పర్సర్‌గా పనిచేసే రిప్పన్ కపూర్ 1979లో కొందరు స్నేహితులతో, యాభై రూపాయలతో, ఇంట్లో భోజనాల బల్ల దగ్గర మొదలుపెట్టిన సంస్థ అది. ‘చందా ఇవ్వండి’ అని అడిగితే ముఖం తిప్పుకునేవాళ్లు కూడా మంచి బొమ్మ ఉన్న దీపావళి కార్డును కొంటారని ఆయన కనిపెట్టారు. కార్డు కొన్నవాడు దాన్ని మరొకరికి పంపుతాడు, పంపినప్పుడు వెనకవైపు అచ్చైన సంస్థ పేరు కూడా వెళ్తుంది. సెల్‌ఫోన్లొచ్చి కార్డులు పంపుకునే అలవాటునే తుడిచిపెట్టాయి కానీ, ఓ తరం పట్టణవాసులకు పిల్లల హక్కులన్న మాట పరిచయమైంది ఆ కార్డుల వెనకవైపునే. కపూర్ 1994లో, నలభై ఏళ్లకే కన్నుమూశారు.

ఇంకో గట్టి ఉదాహరణ నోటితో, కాలితో చిత్రాలు వేసే కళాకారుల సంఘం. పోలియోతో చేతులు పనిచేయని జర్మన్ చిత్రకారుడు ఎరిక్ స్టెగ్‌మన్ 1956లో దాన్ని స్థాపించాడు. ముంబయిలో దాని భారతీయ శాఖ ఉంది. తెలుగు ఇళ్లకు కూడా వాళ్ల క్యాలెండర్లు, కార్డులు పోస్టులో వస్తుంటాయి. వాళ్లు మొదటి నుంచీ ఒక్క మాట మీద ఉన్నారు: మేం అడుక్కోవడం లేదు, మా పని అమ్ముతున్నాం. అందుకే వాళ్ల క్యాలెండర్‌లో చక్రాల కుర్చీలు కనపడవు. కొండలు, పూలు, పిట్టలు ఉంటాయి. వేసినవాళ్ల పేరు ఓ మూల ఉంటుంది. బొమ్మ నచ్చి మేకుకు తగిలించాక ఎప్పుడో ఆ మూల చూసి, ‘ఇది నోటితో వేసిందా!’ అనుకోవాలి. ఆ వరుస తిరగేస్తే, అంటే ముందు జాలి, తర్వాత బొమ్మ అయితే, రెండో ఏడాది ఎవరూ కొనరు.

మన సేవాసంస్థలు తరచూ తప్పటడుగు వేసేది ఇక్కడే. అనాథ పిల్లల వసతిగృహం క్యాలెండర్ అనగానే పన్నెండు పేజీల నిండా ఆ పిల్లల ఫొటోలే. నూనె రాసి దువ్విన తలలు, వరసలో నిలబడ్డ చూపులు, కింద పేరూ ఊరూ. పద్ధతి సంగతి అలా ఉంచితే, ఇందులో చట్టం కూడా ఉంది. 2015 నాటి బాల న్యాయ చట్టంలోని 74వ సెక్షను ప్రకారం సంరక్షణ అవసరమైన బాలల గుర్తింపు తెలిసేలా పేరు, చిరునామా, ఫొటో లాంటివి ప్రచురించకూడదు. ప్రచురిస్తే ఆరు నెలల వరకూ జైలు, రెండు లక్షల వరకూ జరిమానా, లేదా రెండూ. పిల్లల ఫొటోలకు బదులు పిల్లలు వేసిన బొమ్మలు వేస్తే ఈ చిక్కే లేదు. పైగా ఆ బొమ్మే బాగుంటుంది. చెకొస్లొవేకియా పిల్ల విషయంలో జరిగింది అదేగా.

పరిచయాన్ని నమ్ముకోవడం అంటే ఏమిటో ఓ ఊరి బడిని ఊహించుకుంటే తేలుతుంది. జిల్లా పరిషత్ హైస్కూల్లో మరుగుదొడ్లకో, లైబ్రరీకో పూర్వ విద్యార్థులు క్యాలెండర్ వేయాలనుకున్నారు. చార్మినార్, అరకు లోయ ఫొటోలతో వేస్తే అది ఇంకో క్యాలెండర్. అదే పన్నెండు నెలలకు పన్నెండు మంది రిటైరైన మాస్టార్లు, టీచరమ్మలు, గంట కొట్టిన అటెండరు, మధ్యాహ్న భోజనం వండిన అమ్మ, ఇలా వేస్తే? పరీక్షల నెల మార్చికి లెక్కల మాస్టారు, ఆగస్టుకు జెండా వందనంలో విజిలేసే డ్రిల్లు మాస్టారు. హైదరాబాదులో ఉన్న 1988 బ్యాచీ, డల్లాస్‌లో ఉన్న 1996 బ్యాచీ ధర అడగకుండా కొంటారు. అరకు లోయను ప్రేమించేవాళ్లు కోట్లమంది ఉండొచ్చు. ఆ లెక్కల మాస్టారి చేత తొడపాశం పెట్టించుకున్నవాళ్లు నాలుగు వేలమందే ఉంటారు. క్యాలెండర్ అమ్ముడుపోయేది ఆ నాలుగు వేలమందికే.

ఇక డబ్బు లెక్క. ఉత్సాహం ఎక్కువ ఉన్నచోట ఇదే తక్కువ ఉంటుంది.

దేశంలో క్యాలెండర్లు అనగానే శివకాశి. తమిళనాడులో వానలు తక్కువ పడే ఊరు. 1920లలో అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకొచ్చారు. అగ్గిపెట్టెలకు లేబుళ్లు కావాలి, లేబుళ్లకు ప్రెస్సులు కావాలి. అలా అచ్చుపని పెరిగి, టపాసులతో పాటు క్యాలెండర్లు ఆ ఊరి బతుకుతెరువయ్యాయి. అక్కడి వ్యాపారులు వచ్చే ఏడాది క్యాలెండర్ల నమూనా ఆల్బాన్ని తమిళుల ఆడి మాసం పద్దెనిమిదో రోజున, అంటే ఆగస్టు మొదటివారంలో, పూజ చేసి విడుదల చేస్తారు. మనకు జనవరి గుర్తొచ్చేసరికి వాళ్ల సీజను ముగింపుకొస్తుంది. నవంబరు దాటాక వెళ్లిన చిన్న ఆర్డరుకు ప్రెస్సు యజమాని ‘చూద్దాం సార్’ అంటాడు. ఆ మాటకు అర్థం సంక్రాంతి.

ఆఫ్‌సెట్ అచ్చులో ప్రతి షీటుకూ నాలుగు రంగుల ప్లేట్లు కావాలి. డిజైను, ప్లేట్లు, మిషను సెట్టింగు ఖర్చు వంద కాపీలకైనా, పది వేల కాపీలకైనా ఒక్కటే. కాపీలు పెరిగితే మారేది కాగితం, బైండింగు. లెక్క కోసం, కదలని ఖర్చు ముప్పై వేలనీ, ఆ పైన కాపీకి నలభై అనీ అనుకుందాం. ఐదు వందల కాపీలు వేస్తే మొత్తం యాభై వేలు, కాపీ వంద రూపాయలు. రెండు వేలు వేస్తే లక్షా పది వేలు, కాపీ యాభై ఐదే. కమిటీ సమావేశంలో ఈ రెండో అంకె వినగానే అందరి కళ్లూ మెరుస్తాయి. ‘సగం ధరకే వస్తోంది, రెండు వేలు వేసేద్దాం’ అంటారు. నూట యాభైకి అమ్మితే కాపీకి తొంభై ఐదు లాభం, మొత్తం లక్షా తొంభై వేలు! కాగితం మీద.

ఇప్పుడు అమ్మకం సంగతి. ఐదు వందలు వేసి మొత్తం అమ్మితే డెబ్భై ఐదు వేలు వస్తాయి, ఖర్చు పోగా పాతిక వేలు మిగులు. రెండు వేలు వేసి ఏడు వందలు అమ్మితే లక్షా ఐదు వేలు వస్తాయి. ఐదు వేలు నష్టం, బీరువా మీద పదమూడు వందల కాపీలు. ఎక్కువ అమ్మినవాళ్లే నష్టపోయారు. క్యాలెండర్‌కున్న శాపం ఇది. పచ్చడి సీసా అయితే వచ్చే నెల అమ్ముకోవచ్చు, చీర అయితే వచ్చే పండక్కి. జనవరి పదిహేను దాటిన క్యాలెండర్‌ను ఎవరికి అమ్ముతారు? పదకొండేళ్లు దాచిపెడితే 2015 క్యాలెండర్ వారాలు 2026కు సరిగ్గా సరిపోయినట్టు మళ్లీ సరిపోతాయనుకోండి, తిథులు మాత్రం అప్పటికీ కుదరవు.

కాబట్టి అమ్మి, ఆ తర్వాత అచ్చేయాలి. దసరాకే వాట్సాప్ గ్రూపుల్లో నమూనా పేజీ పెట్టి, పేర్లు రాయించుకుని, డబ్బు ముందే తీసుకుని, వచ్చిన సంఖ్యకు పదో పాతికో కలిపి వేయడం మేలు. నూరు, రెండొందల కాపీలే తేలితే ప్లేట్లు అక్కర్లేని డిజిటల్ ప్రింటింగు ఉంది. కాపీకి ఖరీదు ఎక్కువే అయినా మిగిలిపోయే భయం ఉండదు. రెండో మార్గం, నెలకొక దాత. పేజీ అడుగున రెండంగుళాల పట్టీ ఊళ్లోని మెడికల్ షాపుకో, ట్రాక్టర్ డీలరుకో ఐదు వేలకిస్తే పన్నెండు నెలలకు అరవై వేలు. పై లెక్కలోని ఐదు వందల కాపీల ఖర్చు మొదటి కాపీ అమ్మకముందే తీరిపోతుంది. ఇందులో ఒక్క జాగ్రత్త ఉంది: పట్టీ పెరిగి పెరిగి మాస్టారి మొహాన్ని మింగకూడదు. దాత ఫొటో, దాత తండ్రిగారి ఫొటో, దాత కులసంఘం గుర్తు దాకా వెళ్లిన క్యాలెండర్లు ఈ రాష్ట్రాల్లో కొల్లలు. వాటిని దాత ఇంట్లో తప్ప ఎవరూ తగిలించరు.

తగిలించడం అన్నదే అసలు పరీక్ష. కొని చుట్టి అటక మీద పడేస్తే సంస్థకు నూట యాభై వచ్చినట్టే, కానీ ఏడాది పొడవునా ఆ పేరు కళ్ల ముందుండే అవకాశం పోతుంది. అది నూట యాభై కంటే విలువైంది. తెలుగు ఇంటి గోడ ఓ క్యాలెండర్‌ను ఒప్పుకోవాలంటే దానికి కొన్ని షరతులున్నాయి. ముందు తిథి, వారం, నక్షత్రం, రాహుకాలం, వర్జ్యం. ‘మాది సేవాసంస్థ, ఇవన్నీ మేం వేయం’ అనేవాళ్లు వేయక్కర్లేదు, కానీ ఏకాదశి ఎప్పుడో, అమావాస్య ఎప్పుడో చెప్పని క్యాలెండర్ వంటింట్లోకి రాదు, హాల్లో సోఫా వెనక్కి పోతుంది. వేస్తే మాత్రం నమ్మకమైన పంచాంగం నుంచి, ఎవరి గణితమో చెప్పి వేయాలి. దృగ్గణితం, పూర్వగణితం అనే రెండు పంచాంగ లెక్కల మధ్య తేడా వచ్చి ఒకే పండుగ రెండు రోజులు జరిగిన సందర్భాలు మనకు కొత్త కాదు. రాఖీకి తప్పు తేదీ వేసిన క్యాలెండర్‌ను ఆడపడుచులు ఏళ్ల తరబడి క్షమించరు.

రెండోది సెలవులు. రెండు రాష్ట్రాలయ్యాక ఎర్ర అంకెలూ రెండు రకాలయ్యాయి. బోనాలు, బతుకమ్మ మొదటి రోజు తెలంగాణలో సెలవులు, సరిహద్దు దాటితే పనిదినాలు. ప్రభుత్వ సెలవుల జాబితా సాధారణంగా ఏడాది చివర్లో గానీ రాదు. ముందే అచ్చేసేవాళ్లు అంచనా వేసి రాసుకోవాల్సిందే. రంజాన్, బక్రీద్ నెలవంకను బట్టి మారతాయని కింద చిన్నక్షరాలతో ఓ మాట వేయడం మర్యాద కూడా, ఒప్పందం కూడా.

మూడోది ఖాళీ. ప్రతి తేదీ గడిలో పాలు ఎన్ని లీటర్లో రాసుకోవడానికి, గ్యాస్ బండ బుక్ చేసిన రోజు గుండ్రం చుట్టడానికి, పనమ్మాయి రాని రోజుకు ఇంటూ కొట్టడానికి చోటుండాలి. డిజైనర్లకు ఇది నచ్చదు. గడులన్నీ చిన్నవి చేసి, ఫొటో కింద ఓ మూల తేదీలు సన్నగా పేరిస్తే పేజీ అందంగా ఉంటుందంటారు. ఉంటుంది. కానీ పెన్ను ఆనని క్యాలెండర్ వైపు రోజూ చూసేదెవరు?

అమెరికాలోని తెలుగువాళ్ల దగ్గర ఈ కథ కొంచెం మారుతుంది. తిథి అనేది సూర్యచంద్రుల మధ్య కోణీయ దూరాన్ని బట్టి ఒక క్షణంలో మొదలై ఒక క్షణంలో ముగుస్తుంది. విజయవాడలో సూర్యోదయానికి ఉన్న తిథి డల్లాస్‌లో సూర్యోదయానికి ఉండాలని లేదు. అందుకే ఇండియా నుంచి అమ్మ పంపిన క్యాలెండర్ ప్రకారం అక్కడ వినాయక చవితి చేస్తే ఒక్కోసారి ఓ రోజు తప్పుతుంది. అక్కడి గుళ్లు తమ ఊరి సమయాలతో క్యాలెండర్ వేసి, స్థానిక డాక్టర్లు, రెస్టారెంట్లు, రియల్ ఎస్టేట్ ఏజెంట్ల ప్రకటనలతో ఖర్చు రాబట్టుకుంటాయి. అవసరం, భక్తి, పరిచయం మూడూ ఒకేచోట కలిసిన అరుదైన సందర్భమది. ఇక్కడి సంస్థలు అంత అదృష్టాన్ని ఆశించలేవు గానీ, జనవరి తప్పిపోతే మునిగిపోయినట్టేనన్న బెంగ మాత్రం మానుకోవచ్చు. తెలుగువారికి రెండో కొత్త సంవత్సరం ఉంది. ఉగాది నుంచి ఉగాదికి పంచాంగ క్యాలెండర్, జూన్ నుంచి ఏప్రిల్‌కు బడి క్యాలెండర్, ఇవి ఊరికే పంచే కొట్లవాళ్లు ఇంకా పట్టించుకోని రుతువులు. పోటీ లేని బజారు.

పోటీ ఒకవైపు నుంచి తగ్గింది కూడా. మంత్రిత్వ శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు, బ్యాంకులు కాగితపు క్యాలెండర్లు, డైరీలు అచ్చేయొద్దని 2020 సెప్టెంబరులో కేంద్ర ఆర్థిక శాఖ ఉత్తర్వులిచ్చింది. బ్యాంకు మేనేజరు దగ్గర బతిమాలి తెచ్చుకునే క్యాలెండర్ చాలా ఇళ్లకు అప్పటి నుంచి రావడం మానేసింది. ఫోన్లో తేదీ ఉంటుంది కదా అంటారు. ఉంటుంది. కానీ అత్తగారు ఫోన్లో పాల లెక్క రాయరు.

చివరగా, లెక్క చెప్పడం. క్యాలెండర్ వేసిన సంస్థల్లో చాలావాటికి దీని మీద శ్రద్ధ లేదు. ‘మీ సహకారానికి ధన్యవాదాలు’ అన్న పేజీ ఉంటుంది, ఎన్ని వేశారో, ఎంత ఖర్చైందో, ఎంత మిగిలిందో, ఆ మిగులు దేనికి పోయిందో ఉండదు. క్యాలెండర్‌కు చెల్లించింది సరుకు ధర కాబట్టి దానికి ఆదాయపు పన్ను మినహాయింపు రశీదు ఆశించకూడదని కూడా ముందే చెప్పాలి. చెప్పకపోతే మార్చిలో ఫోన్లు మొదలవుతాయి. రెండో ఏడాది క్యాలెండర్ మొదటి పేజీలో నాలుగు వరసల్లో కిందటేడు జమాఖర్చులు వేస్తే చాలు. రిల్‌స్టోన్ వాళ్లను జనం అన్నేళ్లు నమ్మింది, డబ్బు ఏ సంస్థకు, ఏ పరిశోధనకు పోతోందో మొదటి రోజు నుంచీ తెలుసు కాబట్టి.

కొనేవాళ్లకు కూడా ఓ విన్నపం. ఈ ఏడాది ఎవరైనా బడి కోసమో, ఆసుపత్రి కోసమో క్యాలెండర్‌తో వస్తే, ఎన్ని కాపీలు వేశారని, మిగులు ఎక్కడికి వెళ్తుందని నిస్సంకోచంగా అడగండి. జవాబు నచ్చితే నవంబరులోనే డబ్బిచ్చి పేరు రాయించండి. అంతేగాని జనవరి ఇరవైన ఫోన్ చేసి, ‘ఇంకా మిగిలాయటగా, సగానికిస్తారా?’ అని అడగొద్దు.